హాసినిలా ఉండమంటున్నాడు, నేనేం చెయ్యను?

ప్రేమా నవ్వూ కలిపి తీసే సినిమాల్లో ఆడపిల్లల్ని చూపించే తీరు మీద మీకేమనిపిస్తే అది రాయండి అని పోయిన నెల ఈ పేజీలో అడిగాను. సినిమాల గురించి రాస్తారనుకున్నా, మీరేమో ఇళ్ళ గురించి రాశారు. ఒక పెద్దాయన ఏకంగా ఆరు పేజీలు పంపారు, అందులో అయిదు పేజీలు కోడలి మీదే. అవి నేను వెయ్యట్లేదు సార్, కోపం తగ్గాక మీరే నాకు థాంక్స్ చెబుతారు. మిగిలినవాటిలో కొన్నింటికి ఇవిగో జవాబులు. పేర్లు వద్దన్నారు కాబట్టి ఎవరివీ వెయ్యలేదు.

ప్రశ్న: అక్కా, నాకు 25 ఏళ్ళు. రాయగడలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నర్సుని. ఈ మధ్యే సంబంధం కుదిరింది, అబ్బాయి మంచివాడే. కానీ ఫోన్ చేసినప్పుడల్లా "బొమ్మరిల్లులో హాసినిలా నువ్వూ గలగలా మాట్లాడొచ్చు కదా" అంటాడు. నైట్ డ్యూటీ దిగి ఇంటికొచ్చేసరికి నాకు ఒళ్ళు తెలియదు. పొద్దున్నే ఎనిమిదింటికి గలగలా ఎక్కణ్ణుంచి తెచ్చుకోను? కొన్నాళ్ళు నటించమంటారా?

చెల్లీ, ముందు పడుకో. ఫోనేదో సాయంత్రం చేసుకోమను.

ఇక హాసిని సంగతి. బొమ్మరిల్లు 2006లో వచ్చింది, నాకూ ఇష్టమే. తల ఒకసారి గుద్దుకుంటే కొమ్ములొస్తాయని రెండోసారి గుద్దించే సీను చూసి మా ఊళ్ళో కాలేజీ పిల్లలు నెల్లాళ్ళపాటు ఒకళ్ళ బుర్రలు ఒకళ్ళు వాయించుకున్నారు. కానీ హాసిని అనేది ఒక మనిషి కాదమ్మా. ముఖం జెనీలియాది, ఆవిడది ముంబయి. గొంతు సవితారెడ్డిది. మాటలు అబ్బూరి రవి రాసినవి. ఎక్కడ నవ్వాలో ఎక్కడ కళ్ళు తిప్పాలో చూసుకున్నది డైరెక్టర్ భాస్కర్. ఇంతమంది కూర్చుని, కుదరని ముక్కలు కత్తిరించి పారేసి, బాగున్నవి అతికించి తయారుచేసిన గలగల అది. అదంతా నైట్ డ్యూటీ దిగొచ్చిన నువ్వు ఒక్కదానివే, ఒక్క టేకులో, ఖాళీ కడుపుతో చెయ్యాలంటే ఎలా?

ఇంకో సంగతి, మీవాడు ఆ సినిమా ఇంటర్వెల్ దాకానే చూసినట్టున్నాడు. తర్వాత ఏం జరుగుతుంది? అబ్బాయి తండ్రికి నచ్చుతుందో లేదో చూడ్డానికని హాసిని కాలేజీ టూరని ఇంట్లో చెప్పి వారం రోజులు వాళ్ళింట్లో ఉంటుంది. ఆ వారంలో పిల్ల నవ్వు సగమైపోతుంది, మాట మాటకీ ఎవరేమనుకుంటారో అని చూసుకుంటుంది, చివరికి ఇక్కడుంటే నేను నేనులా మిగలనని చెప్పి వెళ్ళిపోతుంది. ఒకరికి నచ్చినట్టు ఉండమని మనిషిని నొక్కితే ఏమవుతుందన్నదే ఆ కథంతా. అది చూసొచ్చి "నువ్వు హాసినిలా ఉండు" అని నిన్ను నొక్కుతున్నాడంటే, ఉపవాసం గొప్పతనం మీద ప్రవచనం విని, తిరిగొచ్చే దారిలో హోటల్లో పెసరట్టు ఆర్డరిచ్చినట్టుంది.

దిగులుగా ఉన్న కుర్రాడికి బతకడం నేర్పడం తప్ప ఇంకో పనీ పాటా లేని అల్లరి పిల్ల మనకొక్కళ్ళకే ఉందనుకోకు. 2007లో నాథన్ రాబిన్ అనే అమెరికా సినిమా విమర్శకుడు ఇలాంటి పాత్రలకి "మానిక్ పిక్సీ డ్రీమ్ గర్ల్" అని పేరే పెట్టాడు. తర్వాత జనం కొంచెం హుషారుగా కనిపించిన ప్రతి అమ్మాయికీ ఆ పేరు తగిలించేస్తుంటే, ఎందుకు పెట్టానురా బాబూ అని 2014లో ఆయనే బాధపడ్డాడు. కాబట్టి హాసినిని నేను తిట్టను. గలగలా మాట్లాడే ఆడపిల్లలు నిజంగానే ఉన్నారు, మా ఇంట్లోనే ఒకతి ఉంది, దాన్ని ఆపడమే కష్టం. నాకు చిరాకు ఎక్కడంటే, హాసిని ఇంజినీరింగ్ చదువుతుందని చెబుతారు గానీ ఆ చదువు కథలో ఎక్కడా అడ్డం రాదు. పరీక్ష లేదు, నిద్ర లేదు, అలసట లేదు. అబ్బాయి ఎప్పుడు దిగులుపడితే అప్పుడు ఖాళీగా ఉంటుంది.

నువ్వు ఖాళీగా లేవు. వార్డులో రాత్రి రెండింటికి ఒక ముసలాయన సెలైన్ సూది పీకేసుకుంటే, మాటల్లో పెట్టి ఇంకో చేతికి ఎక్కించి, దుప్పటి కప్పి పడుకోబెట్టి వచ్చావనుకో, అలాంటి సీను ఏ హీరోయిన్‌కి రాశారు చెప్పు? అది చెప్పు అతనికి. గలగలా అక్కర్లేదు, నీకు వచ్చినట్టే చెప్పు. విని ఏమంటాడో చూడు. "ఆ ముసలాయన ఇప్పుడెలా ఉన్నాడు" అని అడిగితే సరే. "అబ్బా ఇవన్నీ ఎందుకు, ఇంకేమైనా మాట్లాడు" అన్నాడనుకో, నాకు ఇంకో ఉత్తరం రాయి. పెళ్ళికి ముందే రాయి.

ప్రశ్న: నేను పర్లాకిమిడిలో రిటైరైన ఉపాధ్యాయుణ్ణి. మా కాలంలో సినిమాల్లో నాయికకి ఆడతనం ఉండేది. మిస్సమ్మలో సావిత్రిని చూడండి. ఇప్పుడందరికీ ఉద్యోగాలు, జీన్సు ప్యాంట్లు, నోటికొచ్చిన మాటలు. ఆడతనం ఎక్కడికి పోయిందంటారు?

మాస్టారూ, నమస్కారం. సావిత్రి తల వంచుకున్న సినిమాలు లేకపోలేదు, కానీ మీరు సరిగ్గా తల వంచని సినిమానే ఏరి తీశారు.

మిస్సమ్మ 1955ది. అందులో సావిత్రి వేసిన మేరీ క్రైస్తవుల పిల్ల, బి.ఏ. చదివింది. ఇంటి మీద అప్పుంది, అప్పిచ్చిన డేవిడ్ పెళ్ళి చేసుకుంటానని మీద పడుతుంటాడు. ఒక జమీందారుగారి బడికి టీచర్లు కావాలి, ఇద్దరూ బి.ఏ.లై ఉండాలి, పైగా భార్యాభర్తలై ఉండాలి అని ప్రకటన. అంతే, తనలాగే ఉద్యోగం వెతుక్కుంటున్న ఎం.టి.రావు అనే కుర్రాడితో కలిసి మేమిద్దరం మొగుడూపెళ్ళాలమని అబద్ధమాడి ఉద్యోగంలో చేరిపోతుంది. చూడండి, తర్వాత వచ్చిన సినిమాల్లో పెళ్ళయ్యేదాకా కాలక్షేపానికి ఉద్యోగం ఉంటుంది. ఇక్కడ ఉద్యోగం కోసం పెళ్ళి నాటకమాడారు. ఇక పొడుగూతా ఆ పిల్ల విసుక్కుంటూనే ఉంటుంది కదా. విసుక్కోదా మరి, పరాయి ఊరు, తనది కాని ఆచారం, మొగుడు కాని మొగుడు, నిజం తెలిస్తే జీతం పోతుందన్న భయం. నవ్వొచ్చేది మనకి. ఆమెకి కాదు.

అన్నట్టు ఆ పాత్ర మొదట భానుమతిగారిది. కొన్ని సీన్లు తీశాక నిర్మాత చక్రపాణిగారితో మాట పట్టింపు వచ్చి ఆవిడ తప్పుకుంటే, వేరే పాత్రకి అనుకున్న సావిత్రికి అది దక్కింది. తల వంచని ఆవిడ చేతిలోంచి వచ్చిన పాత్ర, ఇక వంచడం ఎలా వస్తుంది లెండి.

నేను ఈ సినిమా మొదట చూసింది దూరదర్శన్‌లో, అమ్మ పక్కన చాప మీద కూర్చుని. మా అమ్మా టీచరే. పర్లాకిమిడి నుంచి రోజూ కాశీనగరం వెళ్ళొచ్చేది, అప్పటికింకా గుణుపురం లైను మీద చిన్న రైలే. ఒకటో తారీఖున జీతం కవరు తెచ్చి, చెప్పులు విప్పి, ముందు నాయనమ్మ చేతిలో పెట్టేది. నాయనమ్మ వేలు తడి చేసుకుని నోట్లు రెండుసార్లు లెక్కపెట్టి బియ్యం డబ్బా వెనకాల దాచి, అందులోంచి కొంచెం తీసి అమ్మకి ఇచ్చేది, రైలు పాసుకి. "జాగ్రత్తగా వాడుకో" అనేది కూడా. అమ్మ రెండు చేతులతో తీసుకునేది. సంపాదించింది ఎవరు, జాగ్రత్త చెప్పింది ఎవరు అని అప్పుడు నాకు తోచనే లేదు. ఆ రోజు సినిమాలో మేరీ అప్పు తీర్చాలి, జీతం కావాలి అని ఆరాటపడుతుంటే అమ్మ మెల్లిగా "దీనికి తెలుసు" అంది. ఏం తెలుసమ్మా అని అడిగేలోపు వంటింట్లోంచి పిలుపొచ్చింది, లేచి వెళ్ళిపోయింది. చివర ఏమైందో నేనే తర్వాత చెప్పాల్సొచ్చింది.

చివర ఏమవుతుందో మీకు తెలుసు. మేరీ కాలి మీద మచ్చ దొరుకుతుంది, ఆ పిల్ల మేరీ కాదు, జమీందారుగారి తప్పిపోయిన కూతురు మహాలక్ష్మి. అప్పు ఒక సమస్య కాకుండా పోయింది, ఉద్యోగం అవసరమూ తీరిపోయింది. అంత కష్టపడి సంపాదించుకున్న పిల్లని ఒక పుట్టుమచ్చతో ధనవంతురాల్ని చేసేశారు. అది చెబితే అమ్మ "పోనీలే, హాయిగా ఉంటుంది" అంది. ఆ మాట మనస్ఫూర్తిగా అందో లేదో ఇప్పటికీ నాకు అనుమానమే.

అప్పట్నుంచి నాకో పాడలవాటు. ఏ ప్రేమ సినిమా చూసినా, ఈ పిల్లకి జీతం ఎప్పుడొస్తుంది, తెచ్చి ఎవరి చేతిలో పెడుతుంది అని చూస్తాను. నూటికి తొంభై సినిమాల్లో జీతమే రాదు మాస్టారూ! అబ్బాయి మొదటి జీతానికైతే ఒక పాట, అమ్మకి చీర, నాన్నకి వాచీ, కళ్ళనీళ్ళు, అన్నీ ఉంటాయి. అమ్మాయి ఆఫీసంటే ఒక గాజు తలుపు, మెడలో ఐడీ కార్డు, చేతిలో కాఫీ కప్పు. సెకండాఫ్ వచ్చేసరికి ఆ కార్డు ఎక్కడ పారేసిందో ఎవరూ అడగరు, చీర కట్టించి పెళ్ళివారింట్లో నిలబెడతారు. జీన్సు వేయించినా చీర కట్టించినా జీతం మాత్రం కనిపించనివ్వరు.

మీరడిగిన ఆడతనం తల వంచడంలో ఉందంటే, మేరీకి అది లేదు. మా అమ్మకి ఒకటో తారీఖున ఉండేది.

ప్రశ్న: మేడమ్, గుణుపురంలో ఇంజినీరింగ్ మూడో సంవత్సరం. సినిమాల్లో హీరో వెంటపడితే అమ్మాయి మొదట తిడుతుంది, తర్వాత ఒప్పుకుంటుంది. నేను రెండు నెలలుగా మా క్లాసమ్మాయి వెనక తిరుగుతున్నా, ఇంకా తిట్టే స్టేజీలోనే ఉంది. ఇంకెన్నాళ్ళు పడుతుంది?

బాబూ, ఇంకొక్క రోజు కూడా వద్దు. తిట్టే స్టేజీ అని ఒకటి ఉండదు, అదే జవాబు, నీకు రెండు నెలల కిందటే వచ్చేసింది. వద్దన్నా వెంటపడటం 2013 నుంచి ఐపీసీలో నేరం, 2024 జులై 1 నుంచి అది భారతీయ న్యాయ సంహితలో 78వ సెక్షన్, మొదటిసారికే మూడేళ్ళ దాకా జైలు పడొచ్చు. సినిమాలో అమ్మాయి ఒప్పుకునేది హీరో ఓపిక చూసి కాదు నాయనా. ఒప్పుకుంటుందని స్క్రిప్టులో ముందే రాసుంది, అడ్వాన్సు తీసుకుంది, మూడో పాటకి ఫారిన్ టికెట్లు బుక్కయ్యాయి. మీ క్లాసమ్మాయి నీ దగ్గర ఏ అడ్వాన్సూ తీసుకోలేదు. సెమిస్టర్ ఎప్పుడు?

ప్రశ్న: వదినా, బరంపురంలో పాతికేళ్ళుగా అప్పడాలు చేయించి అమ్ముతున్నాను. ఎనిమిది మంది ఆడవాళ్ళు పనికొస్తారు. మా అమ్మాయి ఫోన్లో ఇంగ్లీషు ప్రేమ సినిమాలు చూసి, అక్కడ ఆడవాళ్ళకి ఉద్యోగం, ప్రేమ రెండూ ఉంటాయి, మనలా కాదు అని నాకు పాఠం చెబుతోంది. నిజమేనా?

సగం నిజం వదినా. ఆ సగం కూడా పాత సినిమాల్లోనే ఎక్కువ.

మీకు తేలిగ్గా అర్థమయ్యేది ఒకటి చెబుతా. యూ హావ్ గాట్ మెయిల్ అని 1998లో వచ్చింది, తీసింది నోరా ఎఫ్రాన్, ఆడమనిషే. న్యూయార్కులో ఒకావిడ పిల్లల పుస్తకాల షాపు నడుపుతుంటుంది. వాళ్ళమ్మ పెట్టిన షాపు, చిన్నది, వచ్చే ప్రతి పిల్లాడూ ఆవిడకి పేరుతో సహా తెలుసు. ఆ పక్కనే పెద్ద కంపెనీవాడు అంతస్తుల కొద్దీ పుస్తకాలు పెట్టి, డిస్కౌంట్లు పెట్టి షాపు తెరుస్తాడు. ఈవిడ షాపు మూతబడుతుంది. ఈలోగా ఈవిడ ఈమెయిల్లో మనసిచ్చిన మనిషి ఎవరయ్యా అంటే, ఆ పెద్ద షాపు హీరోగారే! చివర తోటలో ఇద్దరూ కలుసుకుంటారు, కళ్ళనీళ్ళు, ముద్దు, శుభం. నటించినవాళ్ళు మెగ్ ర్యాన్, టామ్ హ్యాంక్స్, ఇద్దరూ ఎంత ముద్దుగా చేశారంటే నేనూ ఏడ్చాను. రెండోసారి చూసినప్పుడు మాత్రం షాపు సంగతేంటి అనిపించింది.

మీ వాకిట్లోకి తెచ్చి చూసుకోండి. మీ ఎదురుగా ఎవడో మిషన్ పెట్టి గంటకి వేల అప్పడాలు దింపాడు, మీ పీటలు, కర్రలు అటకెక్కాయి, ఎనిమిది మందినీ రేపట్నుంచి రావద్దన్నారు, ఆ తర్వాత మీ అమ్మాయి వాణ్ణే చేసుకుంటానంది. వాడు మంచివాడే అనుకోండి, కుక్కపిల్లని కూడా ముద్దుగా పెంచుతున్నాడు. మీరు తోటలో నిలబడి చప్పట్లు కొడతారా? ముందు ఆ ఎనిమిది మందికి ఏం చెబుతారు?

ఇంకా వెనక్కి వెళితే 1940లో హిజ్ గర్ల్ ఫ్రైడే అని ఉంది. దానికి మూలం 1928 నాటి నాటకం, అందులో హిల్డీ అనే విలేకరి మగవాడు. డైరెక్టర్ హోవర్డ్ హాక్స్ ఆ పాత్రని ఆడమనిషిగా మార్చేశాడు. రోజలిండ్ రస్సెల్ చేసింది, ఆ మాటల వేగం ముందు మన హాసిని కూడా కాస్త ఆగమ్మా అంటుంది. హిల్డీ ఉద్యోగం మానేసి, ఒక ఇన్సూరెన్సు ఆయన్ని చేసుకుని, ఇంటిపట్టున ఉంటానని చెప్పడానికే ఆఫీసుకొస్తుంది. ఆఫీసులో ఎడిటరెవరో కాదు, మాజీ మొగుడు. ఆయన మాయలు పన్ని ఒక పెద్ద వార్త ముందు పడేస్తాడు, ఇక ఆవిడ టైపు మిషన్ ముందు కూర్చుంటే పక్కన కాబోయే మొగుడున్నాడన్న స్పృహ కూడా ఉండదు. పని చేస్తున్న ఆడమనిషి ముఖంలో ఆ వెలుగు నాకు తెలుగులో అరుదుగా కనిపించింది. అయితే మీ అమ్మాయికి ఇదీ చెప్పండి. ఇంట్లో కూర్చోబెట్టే మొగుడో, హనీమూన్ కూడా లేకుండా పని చేయించుకునే మొగుడో, ఈ ఇద్దరిలో ఒకణ్ణి ఎంచుకోమన్నారు గానీ మూడోవాణ్ణి ఆ సినిమా కూడా చూపించలేదు.

ఆడతనం గురించి ఒక్క మాట, మీరు బరంపురం వాళ్ళు కాబట్టి. జూన్ మధ్యలో రజ పండగ వస్తుంది కదా, మన పక్కింటి ఒడియావాళ్ళు భూదేవికి నెలసరి అని ఆ మూడు రోజులూ నేల దున్నరు, ఆడపిల్లలు ఇంటి పని ముట్టరు, కాళ్ళకి పారాణి, నోట్లో పాన్, చెట్టుకి ఉయ్యాల, పళ్ళెంలో పొడొ పిఠా అనే కాల్చిన పిండివంట. ఎవరికీ చూపించడానికి కాదు, వాళ్ళ పండగ వాళ్ళది. సినిమాలో హీరోయిన్ ఉయ్యాల ఊగితే పొద చాటు నుంచి హీరో చూస్తూ ఉండాల్సిందే. ఊరికే ఊగిన పిల్లని నేనింతవరకూ చూళ్ళేదు. అన్నట్టు వదినా, మీ ఎనిమిది మందికీ ఆ మూడు రోజులు సెలవిస్తారా? కూలి కట్ చెయ్యకుండా?

ప్రశ్న: కాశీనగరం నుంచి డిగ్రీ అమ్మాయిని. ఏటి, ఎల్తాను అని మన మాట మాట్లాడే హీరోయిన్ ఎందుకుండదు అక్కా? నేను నోరు తెరిస్తే వైజాగ్ ఫ్రెండ్స్ నవ్వుతారు.

మా అమ్మ పాఠాలు చెప్పిన ఊరు నుంచి రాశావు, నీకు పెద్ద జవాబే ఇవ్వాలి గానీ చోటు లేదు. మన మాట సినిమాలో ఉంది తల్లీ, కాకపోతే పనిమనిషికో, నవ్వించే బావమరిదికో ఇచ్చారు. తెలంగాణ మాటకీ చాలాకాలం అదే గతి, రౌడీలకీ కమెడియన్లకీ. 2017లో ఫిదాలో బాన్సువాడ భానుమతి వచ్చి ఆ మాటతోనే ప్రేమించింది, పోట్లాడింది. సాయిపల్లవి తమిళనాడు అమ్మాయి అయినా ఆ యాస నేర్చుకుని తన గొంతుతోనే చెప్పింది. అందులో నాన్నని వదిలి అమెరికా వెళ్ళనని పట్టుబడితే ఆఖరికి అబ్బాయే దిగొస్తాడు, అదీ బాగుంటుంది. అదే సాయిపల్లవి 2025లో తండేల్‌లో సిక్కోలు వైపు మాట్లాడింది, కానీ అది సముద్రం, జైలు, ఏడుపు ఉన్న కథ. మన మాటతో హాయిగా నవ్వుకునే ప్రేమకథ ఇంకా బాకీ ఉంది.

వాడుక భాషే రాయాలి, బళ్ళో చెప్పాలి అని గిడుగు రామమూర్తిగారు పోరాడింది పర్లాకిమిడిలో ఉండే కదా, ఆయన పుట్టినరోజు ఆగస్టు 29నే తెలుగు భాషా దినోత్సవం చేస్తున్నాం. ఆ రోజున వేదిక ఎక్కి "ఏటి" అను, ఎవరు నవ్వుతారో చూద్దాం.

ప్రశ్న: ఆడవాళ్ళు డైరెక్ట్ చేస్తే ఈ సినిమాలు మారతాయా? (కొరాపుట్)

కొంచెం. మనకి ఆడ డైరెక్టర్లు కొత్త కాదు, భానుమతిగారు 1953లోనే చండీరాణి తీశారు, విజయనిర్మలగారు 44 సినిమాలు తీసి గిన్నిస్ ఎక్కారు. ప్రేమ కామెడీల్లో నందినీరెడ్డి అలా మొదలైంది 2011లో తీస్తే నిత్యామీనన్ తన గొంతుతోనే మాట్లాడింది, పాడింది కూడా, ఆ పిల్ల మనిషిలా అనిపించింది. అదే డైరెక్టర్ 2019లో ఓ బేబీ తీశారు, కొరియా సినిమాకి రీమేక్. డెబ్భై ఏళ్ళ మామ్మ మళ్ళీ పడుచుపిల్లగా మారిపోయి, తీరని పాట కోరిక తీర్చుకుంటుంది, భలేగా ఉంటుంది. చివర మనవడి కోసం ఆ వయసు వదిలేసుకుంటుంది. ఆడమనిషి తీసినా త్యాగం తప్పలేదు చూశారా. నాయనమ్మలు ఏడ్చారు, నేనూ ఏడ్చాను, బయటికొచ్చి టీ తాగుతూ తిట్టుకున్నాను.

ప్రశ్న: అక్కా, జయపురంలో టైలరింగ్ షాపు నాది. రెండు మిషన్లు, ఒక అమ్మాయి పనికొస్తుంది. విజయనగరం సంబంధం వచ్చింది. "మా ఇంటికొచ్చాక కుట్టుపని ఖర్మ నీకెందుకు, మహారాణిలా చూసుకుంటాం" అన్నారు. మా అమ్మ ఆనందంతో ఏడ్చేసింది, సినిమాలో హీరో అన్నట్టే అన్నాడే అని. నాకు మాత్రం ఎక్కడో గుచ్చుకుంది. నాది పొగరా?

గుచ్చుకోవడమే మంచిదైంది. నీ పనిని ఖర్మ అన్నారు కదా, అది గుచ్చుకుంది. మీ అమ్మగారిని ఏమీ అనకు, ఆవిడ చూసిన సినిమాల్లో ఆ డైలాగుకి హాలంతా చప్పట్లు కొట్టింది, నేనూ కొట్టి ఉంటాను.

2006లో గోదావరి అని వచ్చింది, అందులో సీతకి బట్టల బొటీక్ ఉంటుంది, అది నడవట్లేదు, ఇంట్లో అందరూ పెళ్ళి చేసుకో పెళ్ళి చేసుకో అంటుంటే విసిగిపోయి లాంచీ ఎక్కేస్తుంది. బొటీక్ పోతుందన్న ఆ దిగులు ఎంత నిజంగా ఉంటుందో! కానీ గోదారి అందంలో, ప్రేమలో పడి ఆ షాపు సంగతి వెనకబడిపోతుంది, బాకీలేమయ్యాయో నాకు మనసులో ఉండిపోయింది. పదేళ్ళ తర్వాత 2016లో పెళ్ళిచూపులు వచ్చింది. అబ్బాయివాళ్ళు పొరపాటున వేరే ఇంటికొస్తారు, గది తలుపు బిగుసుకుపోయి ఇద్దరూ లోపల ఇరుక్కుంటారు, ఎలాగూ పెళ్ళి కాదు కదా అని నిజాలు చెప్పుకుంటారు. అమ్మాయి చిత్రకి వ్యాపారం చెయ్యాలని, అబ్బాయికి వంట చెయ్యాలని. ఫుడ్ ట్రక్ పెడతారు, డబ్బుల మీద, పనుల మీద పోట్లాడుకుంటారు, ఆ పోట్లాటల్లోనే ఒకళ్ళకొకళ్ళు తెలుస్తారు. ఖర్చెంత, రాబడెంత అని మాట్లాడుకునే హీరో హీరోయిన్లు ఎంత ముద్దొస్తారో ఆ సినిమా చూసేదాకా నాకు తెలియదు.

కాబట్టి నువ్వూ ఆ అబ్బాయితో ఒక గంట కూర్చో, తలుపు బిగుసుకోకపోయినా ఫరవాలేదు. మహారాణి అన్నారు కదా, ఖజానా తాళం ఎవరి దగ్గరుంటుందో అడుగు. నవ్వుతూనే అడుగు, కానీ అడుగు. నీ పేరు మీదున్న బ్యాంకు ఖాతా అలాగే ఉంటుందా, నెలకి నువ్వు సంపాదించేది ఎవరి చేతికి వెళ్ళాలనుకుంటున్నారు, మిషన్ ఏ గదిలో పెట్టుకోవచ్చు, మొదటి ఆరు నెలలు అక్కడ గిరాకీ లేకపోతే ఏమంటారు. వాళ్ళు చెడ్డవాళ్ళు కానక్కర్లేదు, ఇవి ఎవరూ ఆలోచించి ఉండరు, అంతే. అబ్బాయి తడబడినా ఫరవాలేదు, రేపు చెబుతానన్నా ఫరవాలేదు. "ఇవన్నీ నీకెందుకు" అన్నాడంటే మాత్రం ఆ ఒక్క మాటలో నీకు అన్ని ప్రశ్నలకీ జవాబొచ్చినట్టే.

రెండు మిషన్లలో ఒకటి ఆ పనమ్మాయికి వాయిదాల మీద ఇచ్చెయ్యి, షాపు అద్దెకి కూడా ఆమెనే ఒప్పించు, పాత గిరాకీ చెదిరిపోకుండా ఉంటుంది. రెండోది నీతో తీసుకెళ్ళు. మోటారు ముందే విప్పి, దుప్పటిలో చుట్టి చేతిలో పెట్టుకో, డిక్కీలో పడెయ్యకు. సాలూరు వెళ్ళేలోపు సుంకి ఘాట్ మలుపుల్లో సామాన్లెలా దొర్లుతాయో నీకు చెప్పక్కర్లేదు కదా.